జుట్టుకు రంగు: వేసే తీరు, వేసిన తర్వాత సంరక్షణ

వెంట్రుకల సహజ వర్ణాన్ని ఆకుల పసరుతోనో రసాయనాలతోనో మార్చుకోవడాన్ని జుట్టుకు రంగు వేసుకోవడం అంటారు. తెలుగునాట వాడుకలో ఉన్న మాట ‘డై వేసుకోవడం’. నెరిసిన తలను నల్లగా చేసుకోవడానికే దీన్ని ఎక్కువమంది వాడుతున్నా, నల్లటి జుట్టులో ఎర్రటి పాయలు తీయించుకునే కాలేజీ పిల్లల సంఖ్యా తక్కువేమీ కాదు. ఏ రంగైనా సరే, అది ఎంతకాలం నిలుస్తుంది, వెంట్రుకను ఎంత దెబ్బతీస్తుంది అనే రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది: రంగు వెంట్రుక పైనే ఆగిందా, లోపలికి దిగిందా? లోపలికి దిగాలంటే ముందు వెంట్రుకను తెరవాలి. తర్వాత తీసుకునే జాగ్రత్తలన్నీ ఆ తెరిచిన దాన్ని మూయడానికీ, అవసరం లేకుండా మళ్లీ తెరవకుండా ఉండటానికీ పుట్టినవే.

వెంట్రుక, నెరుపు

వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే పైన పలచని పొలుసులు ఇంటి పెంకుల్లా ఒకదానిపై ఒకటి పరుచుకుని కనిపిస్తాయి. దీన్ని క్యూటికల్ అంటారు. దాని లోపల కెరటిన్ అనే మాంసకృత్తి నారలతో నిండిన కార్టెక్స్ ఉంటుంది. వెంట్రుక బలం, సాగే గుణం, రంగు అన్నీ అక్కడివే. రంగునిచ్చే మెలనిన్ రెండు రకాలు: నలుపు, గోధుమ ఛాయలనిచ్చే యూమెలనిన్, ఎరుపు, పసుపు ఛాయలనిచ్చే ఫియోమెలనిన్. కుదురులో మెలనిన్ తయారుచేసే కణాలు తగ్గిపోతే ఆ కుదురు నుంచి తెల్ల వెంట్రుక మొలుస్తుంది. ఒకసారి పైకి వచ్చిన వెంట్రుక నిర్జీవం. దానికి నెత్తురు అందదు, గాయం మానదు. ‘జుట్టుకు పోషణ’ అని సీసాల మీద రాసే మాటను ఈ ఎరుకతోనే చదవాలి.

మనవాళ్లలో పాతికేళ్ల లోపు తల నెరిస్తే దాన్ని బాలనెరుపు అంటారు. చాలావరకు అది వంశపారంపర్యం. అయితే బీ12 విటమిన్ లోపం, థైరాయిడ్ తేడాలు, పొగతాగడం కూడా దానితో ముడిపడి ఉన్నాయి. చిన్న వయసులో నెరుపు మొదలైతే డై ప్యాకెట్ కంటే ముందు రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. ఇక ‘ఒక్కసారి డై వేస్తే తలంతా నెరిసిపోతుంది’ అనే భయం ఇంటింటా ఉంది. రంగు పనిచేసేది చర్మం పైన ఉన్న వెంట్రుక మీద. మెలనిన్ తయారయ్యేది చర్మం లోపలి కుదురులో. నల్లగా వేసుకున్న తలలో కొత్తగా మొలిచే తెల్లటి మొదళ్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కాబట్టి నెరుపు పెరిగిందనిపిస్తుంది, అంతే.

ఇనుప మూకుడు

తలకు నలుపు వేసే విద్య చాలా పాతది. ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడి బృహత్సంహితలో గంధయుక్తి అధ్యాయం ఇందుకు ఒక పద్ధతి చెబుతుంది. ఇనుప పాత్రలో పుల్లని ద్రవం పోసి, ఇనుపరజనుతో కలిపి అరికెల్ని ఉడికించి, మెత్తగా నూరి తలకు పట్టించాలి. పైన తడి ఆకులు కప్పి కొన్ని గంటలుంచాలి. తర్వాత అది తీసేసి ఉసిరి ముద్ద పెట్టి మళ్లీ ఆకులు కట్టాలి. చివరికి ఇనుము వాసన, పులుపు వాసన పోవడానికి సుగంధాలతో తల కడుక్కోవాలి. ఇందులోని రసాయనం ఈనాటికీ చెల్లుతుంది. పులుపు ఇనుమును కరిగిస్తుంది, ఉసిరిలోని టానిన్ ఆ ఇనుముతో కలిసి నల్లబడుతుంది. పాతకాలపు రాతసిరా నల్లగా ఉండేదీ ఈ కలయికతోనే.

మన ఇళ్లలో గోరింటాకు పొడిని ఇనుప మూకుట్లోనే ఎందుకు నానబెడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. రాత్రి పొడిలో చిక్కటి టీ డికాక్షన్, కాస్త పెరుగో నిమ్మరసమో పోసి కలిపి మూత పెడతారు. తెల్లారేసరికి ముద్ద పైభాగం ముదురు గోధుమ రంగుకు తిరిగి, మూకుడు అంచుకు అంటుకున్న చోట నల్లటి చారలు కడుతుంది. టీలో టానిన్ ఉంది, పెరుగులో పులుపు ఉంది, మూకుట్లో ఇనుము ఉంది. వరాహమిహిరుడి పేరు వినని అమ్మమ్మ కూడా ఆ పద్ధతినే చేతుల్లో పెట్టుకుంది.

గోరింటాకులో రంగునిచ్చే పదార్థం లాసోన్. ఎండిన ఆకులో ఇది సుమారు ఒక శాతం ఉంటుంది. కెరటిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి అరచేయి పండినట్టే తెల్ల వెంట్రుకా పండుతుంది. అయితే ఆ రంగు నారింజ. ఉన్న మెలనిన్‌ను ఇది తొలగించదు, అందుకే నల్ల వెంట్రుకలు నల్లగానే ఉంటాయి, తెల్లవి మాత్రం ఎర్రగా మెరుస్తాయి. వాటిని నల్లగా మార్చేది నీలి ఆకు. కడప, నెల్లూరు ప్రాంతాల్లో బ్రిటిష్‌వాళ్ల కాలంలో నీలిమందు కోసం ఈ మొక్కను విస్తారంగా పండించేవారు. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని మార్కెట్లోకి తేవడంతో నీలి సాగు కుప్పకూలింది. ఇప్పుడు అదే మొక్క తలరంగు పొడిగా మళ్లీ దుకాణాలకు చేరింది. నీలి ఒక్కటే పెడితే తెల్ల వెంట్రుక నీలంగానో ఆకుపచ్చ ఛాయగానో తేలుతుంది. గోరింటాకు నారింజ మీద నీలం పడితేనే నలుపు. అందుకే ముందు గోరింటాకు పెట్టి, కడిగి, తర్వాత నీలి పెడతారు. గోరింటాకును గంటల తరబడి నానబెట్టాలి, నీలిని మాత్రం గోరువెచ్చని నీళ్లతో కలిపిన కాసేపట్లోనే తలకెక్కించాలి, ఆలస్యమైతే దాని పట్టు పోతుంది. కడిగిన రోజు పచ్చగా అనిపించినా గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో నలుపు తేరుతుంది.

ఈ రెండు ఆకులూ వెంట్రుకను రసాయనంతో తెరవవు కాబట్టి నష్టం తక్కువ. కాస్త గరుకుదనం మాత్రం వస్తుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న పిల్లలకు గోరింటాకు ఎర్రకణాలు పగిలిపోయేంత హాని చేయగలదు. పసిపిల్లల చేతులకు, తలకు పెట్టకుండా ఉండటమే క్షేమం.

అసలు మోసం వేరేచోట ఉంది. ‘హెన్నా’ అని పెద్దక్షరాలతో అమ్మే కొన్ని పొడులు అరగంటలో తెల్లజుట్టును నల్లగా చేస్తాయి. గోరింటాకుకు ఆ శక్తి లేదు. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టికలో లాసోనియా ఇనెర్మిస్ అంటే గోరింటాకు, ఇండిగోఫెరా టింక్టోరియా అంటే నీలి. వాటి పక్కన పారాఫినైలీన్‌డయమిన్ అని ఉంటే అది రసాయన డైయే. ‘నాకు డై పడదు, హెన్నానే వాడతాను’ అనుకుని ఇలాంటి పొడి పెట్టుకుని ముఖం వాచి ఆసుపత్రికి వెళ్లే పరిస్థితి ఎవరికీ రాకూడదు. పట్టిక చదవడానికి ఒక్క నిమిషం పడుతుంది.

రసాయన డై పుట్టుక

జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ విల్హెల్మ్ హాఫ్మన్ 1863లో పారాఫినైలీన్‌డయమిన్‌ను వర్ణించాడు. దీన్నే క్లుప్తంగా పీపీడీ అంటారు. అంతకుముందే, 1818లో, ఫ్రాన్సులో థెనార్డ్ అనే రసాయనవేత్త హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కనిపెట్టాడు. 1867 ప్యారిస్ ప్రదర్శనలో దానితో జుట్టు రంగు తీసి చూపించారు. ఈ రెంటి కలయికే నేటి డై. 1907 ప్రాంతంలో యూజీన్ షుయెలర్ అనే యువ రసాయనవేత్త ప్యారిస్‌లో తలరంగు తయారుచేసి క్షౌరశాలలకు అమ్మడం మొదలుపెట్టాడు. 1909లో అతడు పెట్టిన సంస్థే తర్వాత లోరియాల్ అయింది. 1956లో అమెరికాలో క్లెయిరాల్ సంస్థ ఇంట్లోనే ఒకే విడతలో వేసుకునే రంగును తెచ్చాక ఈ పని పార్లర్ గడప దాటి స్నానాలగదిలోకి వచ్చేసింది.

గిన్నెలో రంగు క్రీమ్, పెరాక్సైడ్ ఉండే డెవలపర్ కలిపేటప్పుడు గమనిస్తే జరిగేది కంటికే కనిపిస్తుంది. కలిపిన క్షణంలో ముద్ద తెల్లగానో లేత పసుపుగానో ఉంటుంది. బ్రష్ అంచున పలచగా ఆరిన చోట ముందు గోధుమ చార పుడుతుంది, పది నిమిషాల్లో గిన్నె అంచు నల్లబడుతుంది. అంటే రంగు ట్యూబులో లేదు, అక్కడికక్కడే పుడుతోంది. తలమీద జరిగేదీ ఇదే. అమ్మోనియా క్షారగుణంతో వెంట్రుకను ఉబ్బించి పొలుసుల్ని పైకి లేపుతుంది. రంగులేని చిన్న పీపీడీ అణువులు ఆ సందుల్లోంచి కార్టెక్స్‌లోకి వెళ్తాయి. పెరాక్సైడ్ వాటిని ఆక్సీకరించి, రిసార్సినాల్ వంటి జతపదార్థాలతో కలిపి పెద్ద రంగు అణువులుగా మారుస్తుంది. లోపల పెద్దవైన అణువులు వచ్చిన దారిన బయటికి రాలేవు. శాశ్వత రంగు శాశ్వతంగా నిలిచేది ఇందుకే.

డెవలపర్ డబ్బా మీద 10, 20, 30, 40 అనే అంకెలుంటాయి. ఇవి వరుసగా 3, 6, 9, 12 శాతం పెరాక్సైడ్. 20 వాల్యూమ్ అంటే ఒక లీటరు ద్రవం నుంచి 20 లీటర్ల ఆక్సిజన్ వెలువడుతుందని అర్థం. నెరుపు కప్పడానికి 20 సరిపోతుంది. ముదురు రంగు వేయడానికి 40 వాడటం వెంట్రుకను ఊరికే కాల్చడమే. ‘అమ్మోనియా లేదు’ అని రాసిన రంగుల్లో ఎక్కువగా ఇథనోలమిన్ ఉంటుంది. ఘాటు వాసన ఉండదు కానీ అదీ క్షారమే, పొలుసుల్ని లేపేదే. పీపీడీ ఉందా లేదా అన్నది వేరే సంగతి, ఈ రెంటినీ కలిపి పొరబడేవాళ్లు ఎందరో.

నల్లటి జుట్టుకు లేత రంగులు కావాలంటే ముందు బ్లీచ్ చేయాలి. పెరాక్సైడ్‌కు పర్‌సల్ఫేట్ పొడి తోడై మెలనిన్‌ను కరిగిస్తుంది. నలుపు నేరుగా తెలుపు కాదు: ముందు ఎర్ర గోధుమ, తర్వాత నారింజ, ఆపై పసుపు. ఒక్క పూటలో లేత పసుపు దాకా లాగితే వెంట్రుక తడిలో రబ్బరులా సాగి తెగిపోతుంది. నీలం, గులాబీ వంటి ఫ్యాషన్ రంగులు ఆ బ్లీచ్ మీద అద్దినవే. అవి కొద్ది తలస్నానాల్లో వెలిసిపోతాయి, బ్లీచ్ చేసిన దెబ్బ మాత్రం మిగులుతుంది. ఈ పనిని రోజూ చేసే పార్లర్ అమ్మాయిలకు పర్‌సల్ఫేట్ ధూళి ఉబ్బసం తెచ్చిపెట్టగలదు. గాలి ఆడే గది, చేతులకు గ్లవ్స్ వాళ్ల హక్కు.

పడకపోవడం

పీపీడీకి అలర్జీ వెంటనే బయటపడదు. రంగు వేసిన ఒకటి నుంచి మూడు రోజుల్లో చెవుల వెనక, మెడ మీద, నుదుటి అంచున దురద, నీటిపొక్కులు వస్తాయి. కనురెప్పలు వాచి మూసుకుపోతాయి. ‘పదేళ్లుగా వాడుతున్నా, నాకేం కాదు’ అనే ధీమాకు ఇక్కడ చోటు లేదు. ఏళ్ల తరబడి పడిన రంగే ఒకనాడు పడకుండా పోవచ్చు. ఒకసారి అలర్జీ వచ్చిందంటే జీవితాంతం ఉన్నట్టే లెక్క, ప్రతిసారీ ముందుకంటే తీవ్రంగా రావచ్చు. కొందరిలో దురదేమీ లేకుండానే నుదురు, కణతలు, చెంపల పక్కన చర్మం బూడిద నలుపుకు తిరుగుతుంది. మన చర్మవర్ణంలో ఇది తరచుగా చూసే ఇబ్బంది. మంగు మచ్చలనుకుని క్రీములు రాస్తూ, నెలనెలా డై కూడా వేస్తూ పోతే అవి తగ్గవు.

మనదేశంలో పీపీడీ ఉన్న డైల మీద హెచ్చరికను ఇంగ్లిషులోనూ స్థానిక భాషల్లోనూ ముద్రించాలని నిబంధన ఉంది. ముందుగా చర్మ పరీక్ష చేసుకోవాలనీ, కనుబొమలకూ కనురెప్పల వెంట్రుకలకూ వాడితే చూపు పోవచ్చనీ అందులో ఉంటుంది. ఇది ఊహించి రాసిన హెచ్చరిక కాదు. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు కొందరి చూపు తీసింది, 1938లో అక్కడ సౌందర్య సాధనాల చట్టం రావడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

పరీక్ష చేయడం తేలిక. చెవి వెనకో మోచేతి లోపలి మడతలోనో శుభ్రం చేసి, కొద్దిగా రంగు రాసి ఆరనిచ్చి వదిలేయాలి. లేబుళ్లు 24 గంటలు చూడమంటాయి. ఈ అలర్జీ నిదానంగా వచ్చేది కాబట్టి 48 గంటలు ఆగడం మేలు. ఆదివారం రంగు వేసుకునేవారు శుక్రవారం పొద్దున ఈ పని చేసుకోవచ్చు. కొత్త రకం కొన్నప్పుడే కాదు, పాత రకానికీ చేయాలి.

క్యాన్సర్ భయం గురించి: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, క్షౌరవృత్తిలో ఉంటూ ఏళ్ల తరబడి రంగుల మధ్య పనిచేయడాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో పెట్టింది. సొంతానికి వేసుకునేవారి విషయంలో తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవంది. గర్భిణులను మొదటి మూడు నెలలు ఆగమని చాలామంది వైద్యులు చెబుతారు.

డై కడుపులోకి వెళ్తే మాత్రం ప్రాణాంతక విషం. గొంతు, మెడ వాచి ఊపిరి ఆడదు, కండరాలు చితికి మూత్రం నల్లబడి మూత్రపిండాలు దెబ్బతింటాయి. తిరుపతి వైద్యులు ఇలాంటి కేసుల గురించి వైద్యపత్రికల్లో రాశారు. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు మాని, నిమిషం ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. డై సీసాలను, ప్యాకెట్లను బీరువాలో తాళం వేసి ఉంచడం అతి జాగ్రత్త కాదు.

రంగు వేసిన తర్వాత

వెంట్రుక పైన సహజంగా ఒక పలచని కొవ్వు పొర ఉంటుంది. నీళ్లను జారనిచ్చేది, మెరుపునిచ్చేది అదే. క్షారం, పెరాక్సైడ్ దాన్ని ఊడగొడతాయి. లోపల కెరటిన్‌ను పట్టి ఉంచే గంధకపు బంధాలు కొన్ని తెగుతాయి. అందుకే రంగేసిన జుట్టు నీళ్లను ఎక్కువ పీలుస్తుంది, ఆలస్యంగా ఆరుతుంది, దువ్వెనకు చిక్కుతుంది.

కాబట్టి మొదటి సూత్రం, మొదళ్లకే రంగు. ఇదొక్కటి పాటిస్తే మిగతా సగం జాగ్రత్తల అవసరం ఉండదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల జడ చివర వయసు ఐదేళ్లు. నెలనెలా తలంతా పూసే అలవాటున్నవారి జడ కొస 60 సార్లు పెరాక్సైడ్‌లో నాని ఉంటుంది. మొదళ్లకు మాత్రమే వేసేవారి కొస ఒకే ఒక్కసారి. రెండో జడ ఐదేళ్ల తర్వాత కూడా జడలా ఉంటుంది. చివర్లు వెలిస్తే కడగడానికి ముందు ఐదు నిమిషాలు ముద్దను కిందికి దువ్వితే చాలు. మొదళ్లను కూడా నాలుగు నుంచి ఆరు వారాల లోపు ముట్టుకోకపోవడం మంచిది.

తర్వాతది కొబ్బరినూనె. ఇందులో మన పెద్దవాళ్ల అలవాటును పరిశోధన సమర్థించింది. ఆర్తి రేలే, ఆర్.బి. మొహిలే 2003లో ప్రచురించిన అధ్యయనంలో, కొబ్బరినూనె రాసిన వెంట్రుక నుంచి మాంసకృత్తి కారిపోవడం తగ్గింది, అదీ బ్లీచ్ చేసిన వెంట్రుకలో కూడా. సన్‌ఫ్లవర్ నూనెకు, మినరల్ ఆయిల్‌కు ఆ ఫలితం రాలేదు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం సన్నని అణువు కావడంతో వెంట్రుక లోపలికి చేరగలదు. లోపల నూనె ఉంటే నీళ్లు తక్కువ పడతాయి, ఉబ్బడం తగ్గుతుంది. తలస్నానానికి ముందు, రాత్రో గంట ముందో, చివర్లకు పట్టించాలి. స్నానం తర్వాత రాసే నూనె మెరుపుతో పాటు కొంత రక్షణా ఇస్తుంది. తల్లులు శనివారం రాత్రి నూనె రాసి ఆదివారం తల రుద్దడంలో ఎంత తెలివి ఉందో!

రంగును లాగేది ఒక్క షాంపూయే కాదు, నీళ్లు కూడా. రోజూ తలస్నానం చేసేవారి రంగు త్వరగా వెలుస్తుంది. వారానికి రెండుసార్లు, గోరువెచ్చని నీళ్లు చాలు. తలంటు సబ్బులు, బట్టల సబ్బులు క్షారం, పొలుసుల్ని మళ్లీ లేపుతాయి. కుంకుడురసం జిడ్డును గట్టిగా తీస్తుంది, పొడిబారిన రంగుజుట్టుకు వాడాలంటే ముందు నూనె తప్పనిసరి. ప్రతి స్నానం తర్వాతా కండిషనర్ చెవుల కింది నుంచి చివర్ల దాకా రాయాలి. దెబ్బతిన్న వెంట్రుక మీద రుణ విద్యుదావేశం ఎక్కువ, కండిషనర్‌లోని ధనావేశ అణువులు సరిగ్గా ఆ చోట్లనే అతుక్కుని పొలుసుల్ని పడుకోబెడతాయి. తెగిన బంధాల్ని కలుపుతామనే ఖరీదైన చికిత్సలు 2014 నుంచి పార్లర్లలోకి వచ్చాయి. బ్లీచ్ చేయించుకునేవారు ఆలోచించవచ్చు, నెరుపుకు నల్లరంగు వేసుకునేవారికి అంత ఖర్చు అక్కర్లేదు.

బోరు నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. తెలుగు ప్రాంతాల్లో చాలాచోట్ల అవి గట్టినీళ్లు. తెరుచుకున్న వెంట్రుక కాల్షియం, ఇనుము, రాగి లవణాలను పట్టేస్తుంది. జుట్టు పెళుసుగా, బట్టలా గరగరలాడుతుంది. పైగా రాగి, ఇనుము పేరుకున్న వెంట్రుకకు మళ్లీ పెరాక్సైడ్ తగిలితే నష్టం రెట్టింపవుతుంది. చివరి రెండు చెంబులైనా తాగునీళ్లతోనో పట్టి ఉంచిన వాననీళ్లతోనో పోసుకుంటే తేడా వేలికే తెలుస్తుంది.

తడి వెంట్రుక బలహీనం. తువాలు పెట్టి ఝాడించడం, తడితలనే బిగించి జడ వేయడం, సన్నపళ్ల దువ్వెనతో పైనుంచి లాగడం మానాలి. పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఇస్త్రీ పెట్టినట్టు జుట్టును సాపు చేసే యంత్రాలు, రంగు వేసిన వారంలోనే స్మూతనింగ్ చేయించుకోవడం రంగుజుట్టుకు పెద్ద శత్రువులు. ఎండకూ రంగు వెలుస్తుంది, ఎరుపు మరీ త్వరగా. బండి మీద వెళ్లే అమ్మాయిలు చుట్టుకునే చున్నీ ముఖాన్నే కాదు, రంగునూ కాపాడుతుంది. చిట్లిన చివర్లను ఏ సీరమూ అతికించలేదు, కత్తెరే దారి.

మానేయడం

రంగు మానాలనుకునేవారికి కష్టం తెల్లజుట్టుతో కాదు, మధ్యలో పడే గీతతో. నుదుటి దగ్గర వెండి, కింద నలుపు. భుజాల దాకా 30 సెంటీమీటర్లు పూర్తిగా మారాలంటే రెండున్నరేళ్లు పడుతుంది. ముందు నలుపు నుంచి గోధుమకు దిగి, సన్నని పాయలు తీయించి గీతను చెదరగొట్టడం ఒక పద్ధతి. పొట్టిగా కత్తిరించుకోవడం రెండోది. చాలామంది తెలుగువాళ్లు మూడోది ఎంచుకుంటారు: మొక్కు ఉన్నప్పుడు తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చి, మొలిచిన తెల్లజుట్టును అలాగే ఉంచేస్తారు. అక్కడ పోగైన జుట్టును దేవస్థానం పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తుంది. తెల్ల వెంట్రుకలది అందులో విడి రకం.